ఇంటి సినిమాలకు రేకు పెట్టె

చాలా ఏళ్ళ తరువాత అటక మీదినుంచి దించిన రేకు పెట్టె మూత ఎత్తగానే మొదట పలకరించేది బొమ్మ కాదు, వాసన. పులిసిన ఊరగాయ జాడీ తెరిచినట్లు గుప్పున ముక్కుకు తగిలే ఆ ఘాటును హైదరాబాదు వంటిళ్ళలో సిర్కా వాసన అంటారు. తక్కిన అందరికీ అది వెనిగర్ వాసన. వెతికి చూస్తే పెట్టెలో వెనిగర్ సీసా ఏదీ ఉండదు. గుండ్రని తగరపు డబ్బాలు, వాటిలో చుట్టలు చుట్టుకొన్న సన్నని ఫిలిం పట్టీలు మాత్రమే ఉంటాయి. ఒక డబ్బా మీద ‘పెద్దమ్మాయి పెళ్ళి’ అని, మరొక దాని మీద ‘తిరుపతి ప్రయాణం’ అని ఎవరో గుండ్రని అక్షరాలతో రాసి ఉంటారు. మూడవ డబ్బా మీద అతికించిన కాగితం ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది.

ఆ పెట్టెను చేయించినవారు అశ్రద్ధ గలవారు కారు. నిజానికి అతి శ్రద్ధ గలవారు. బజారులో దొరికే ట్రంకు పెట్టె చాలదని, ఫిలిం డబ్బాల కొలత తీసి, రేకు పనివాని చేత ప్రత్యేకంగా పెట్టె చేయించి, ఎలుక దూరకుండా, చెమ్మ తగలకుండా, గాలి చొరకుండా బిగువైన మూత పెట్టించి, దానికి తాళం వేసి దాచినవారు. ఆ బిగువైన మూతే లోపలి ఫిలింను తినివేసింది. ప్రేమతో చేసిన పని ఇంతగా ఎదురు తిరగడం అరుదు. దాని వెనుక ఒక రసాయన కథ ఉన్నది. అది తెలిస్తే అదే రేకుతో, అదే పనివాని చేత, ఆ ఫిలింను మరికొన్ని దశాబ్దాలు బ్రతికించగల పెట్టెను చేయించుకోవచ్చు.

మూడు నిమిషాల పెళ్ళి

ఇంటి సినిమా పుట్టింది 1920 దశకంలో. 1922 చివరలో ఫ్రాన్సు దేశపు పాథే కంపెనీ 9.5 మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిలింతో ‘పాథే బేబీ’ అనే చిన్న ప్రొజెక్టరును విడుదల చేసింది. మరుసటి ఏడు, 1923లో, అమెరికాలో కొడక్ కంపెనీ 16 మిల్లీమీటర్ల ఫిలింను ప్రవేశపెట్టింది. కెమెరా, ప్రొజెక్టరు, ముక్కాలి పీట, తెర, ఫిలిం అతికే సాధనం అన్నీ కలిపి దాని ధర 335 డాలర్లు. ఆ రోజులలో కొత్త ఫోర్డు కారు 550 డాలర్లకు వచ్చేది. ఈ రెండు అంకెలు చూస్తే ఈ వేడుక మొదట ఎవరి ఇళ్ళలో జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మన దేశంలో ఆ తొలి కెమెరాలు సంస్థానాధీశుల చేతులలో, బ్రిటిషు అధికారుల బంగళాలలో, కొద్దిమంది వర్తకుల ఇళ్ళలో తిరిగాయి. ఆ బ్రిటిషు కుటుంబాలు ఇండియాలో తీసుకొన్న ఇంటి సినిమాలు అనేకం ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు దక్షిణాసియా అధ్యయన కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. దొరలు తమ పిల్లలను చిత్రించబోతే ఆ వెనుక మన సంతలు, మన ఎడ్లబండ్లు, మన ఆయాలు, మన తోటమాలులు నిలిచిపోయారు. చరిత్రకారులు నేడు వెతుకుతున్నది ఆ వెనుక నిలిచినవారినే.

కొడక్ కంపెనీ 1932లో 8 మిల్లీమీటర్ల ఫిలిం తెచ్చి ఖర్చు తగ్గించింది. 1965లో ‘సూపర్ 8’ వచ్చి పని సులువు చేసింది. సూపర్ 8 కాట్రిడ్జిలో ఉండేది 50 అడుగుల ఫిలిం. అడుగుకు 72 బొమ్మలు. సెకనుకు 18 బొమ్మల చొప్పున లెక్క కడితే 3 నిమిషాల 20 సెకన్లు. ఒక పెళ్ళి మొత్తాన్ని ఆ కాలవ్యవధిలో ఇమిడ్చేవారు. ఎదురుకోలుకు 10 సెకన్లు, జీలకర్ర బెల్లానికి 15, మంగళసూత్రధారణకు కాస్త ఉదారంగా అర నిమిషం, అప్పగింతల దగ్గర కెమెరా పట్టినవారి చేయి వణికినందువల్ల వృథా అయిన కొన్ని అడుగులు. గంటల తరబడి చిత్రించి ఎవరూ తిరిగి చూడని నేటి పద్ధతికీ దీనికీ పోలిక లేదు. ప్రతి అడుగుకూ వెల ఉన్నప్పుడు ఏది దాచుకోదగినదో మనిషి ముందుగానే తేల్చుకొంటాడు.

ఇంటి సినిమాకు, సినిమా హాలులో ఆడే చిత్రానికి మధ్య మరొక తేడా ఉన్నది. పెద్ద చిత్రానికి నెగెటివ్ ఒకటి ఉంటుంది. దాని నుంచి ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. ఇంటి సినిమాలో ఎక్కువ భాగం ‘రివర్సల్’ ఫిలిం మీద తీసినవే. అంటే ఆ రోజు కెమెరాలో తిరిగిన పట్టీయే కడిగిన తరువాత ప్రొజెక్టరులోనూ తిరుగుతుంది. పెళ్ళికూతురి ముఖం మీద పడి వెనుదిరిగిన వెలుతురు తాకినది ఆ పట్టీనే. రెండవ ప్రతి లేదు. ఎందరో చూసిన ‘ఆలం ఆరా’ చిత్రానికే (1931) నేడు ఒక్క ప్రతి దొరకడం లేదంటే, ఒక్క ఇంటివారు మాత్రమే చూసిన ఒక్క ప్రతి సంగతి చెప్పనక్కరలేదు.

అటువంటి ఒక్క ప్రతుల విలువ ఎంతటిదో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 1963 నవంబరు 22న డల్లాస్ నగరంలో ఏబ్రహాం జాప్రూడర్ అనే దుస్తుల తయారీదారు తన 8 మిల్లీమీటర్ల కెమెరాతో అధ్యక్షుడు కెనెడీ ఊరేగింపును చిత్రించాడు. మొత్తం 486 బొమ్మలు, 26 సెకన్ల పైచిలుకు. ఆ పట్టీకి గాను 1999లో అమెరికా ప్రభుత్వం ఆయన వారసులకు 1 కోటి 60 లక్షల డాలర్లు చెల్లించవలసి వచ్చింది.

రెండవది అంతగా తెలియని కథ. కాని మనసును పట్టుకొనేది అదే. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలోని జపాను సంతతివారిని లక్షకు పైగా నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారి దగ్గర కెమెరా ఉండడం నిషిద్ధం. యూటా ఎడారిలోని టోపాజ్ శిబిరంలో ఉన్న డేవ్ టట్సునో అనే వర్తకునికి, శిబిరపు సహకార దుకాణాన్ని పర్యవేక్షించే వాల్టర్ హాండరిక్ అనే ఉద్యోగి సహాయం చేశాడు. ఆయన కూడా ఇంటి సినిమాలు తీసే అలవాటు ఉన్నవాడే. స్నేహితుని వద్ద వదిలి వచ్చిన టట్సునో 8 మిల్లీమీటర్ల కెమెరా ఆ విధంగా శిబిరం లోపలికి చేరింది. కాపలావారి కంటబడకుండా ఆయన తన కుటుంబాన్ని, ఇరుగుపొరుగును, ఎడారిలోని ఆ బారకాసుల బ్రతుకును రంగులలో చిత్రించాడు. 1996లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దానికి చోటు లభించింది. జాప్రూడర్ పట్టీ తరువాత ఆ గౌరవం పొందిన ఇంటి సినిమా అదే. ప్రభుత్వం చూపదలచుకోని దానిని ఒక గృహస్థుడు తన పిల్లల కోసం తీసిపెట్టుకొన్నాడు. అది దేశానికి సాక్ష్యమైంది.

పాలలో పడిన తోడు

పాతకాలపు పెద్ద సినిమాల ఫిలిం నైట్రేటుతో తయారయ్యేది. నిప్పు సోకితే ఆర్పడం ఎవరి తరమూ కాదు. అందుచేత ఇళ్ళలోకి వెళ్ళే 16, 8 మిల్లీమీటర్ల ఫిలింను మొదటినుంచీ ఎసిటేటుతో చేశారు. ‘సేఫ్టీ ఫిలిం’ అని అంచున అచ్చు కూడా వేశారు. అగ్ని విషయంలో ఆ మాట నిజమే. కాలం విషయంలో మాత్రం కాదు.

పత్తిలోను, కలపలోను ఉండే సెల్యులోజ్‌ను ఎసిటిక్ ఆమ్లంతో కలిపి ఎసిటేటు తయారు చేస్తారు. వేడి, తేమ రెండూ కలిసినప్పుడు ఆ కలయిక మెల్లగా విడిపోవడం మొదలు పెడుతుంది. విడిపోయినప్పుడు వెలువడేది మళ్ళీ ఎసిటిక్ ఆమ్లమే, అంటే వెనిగర్‌కు ఆ వాసన నిచ్చే పదార్థమే. వెలువడిన ఆమ్లం ఊరుకోదు. మిగిలిన భాగం మరింత త్వరగా విడిపోయేటట్లు చేస్తుంది. గోరువెచ్చని పాలలో పడిన చెంచాడు తోడు తెల్లవారేసరికి గిన్నెడు పాలనూ పెరుగు చేసినట్లే ఇదీ. కాకపోతే ఇక్కడ తెల్లవారడానికి 20, 30 ఏళ్ళు పట్టవచ్చు. పాల గిన్నె పక్కన మరొక పాల గిన్నె ఉంటే దానికేమీ కాదు; ఫిలిం విషయంలో మాత్రం ఒక చుట్ట నుంచి లేచిన ఆవిరి పక్క చుట్టకు కూడా అంటుకొంటుంది.

ఈ వ్యాధిని లోకానికి మొదట తెలియజేసింది మన దేశమే. ట్రైఎసిటేటు ఫిలిం 1948లో వాడుకలోకి వచ్చిన తరువాత దశాబ్దం తిరగకుండానే, అది పాడవుతున్నదన్న తొలి సమాచారం ఈస్ట్‌మన్ కొడక్ కంపెనీకి భారత ప్రభుత్వం నుంచి అందింది. వేడి, ఉక్క కలిసిన మన వాతావరణంలో దాచిన ఫిలిం చలిదేశాలలో కంటే ఎంతో ముందుగా వాసన వేయసాగింది. దానికి ‘వెనిగర్ సిండ్రోమ్’ అన్న పేరు వ్యాపించి, శాస్త్రజ్ఞులు లోతుగా పరిశీలించింది 1980 దశకంలో. ఇంగ్లండులోని మాంచెస్టర్ పాలిటెక్నిక్ పరిశోధకులు అప్పుడు తేల్చిన విషయాలలో ఒకటి రేకు పెట్టెవారికి నేరుగా తగిలేది: ఇనుము, దాని తుప్పు ఈ క్షయాన్ని త్వరితం చేస్తాయి. బిగువైన మూత ఆవిరిని బయటకు పోనివ్వదు. ఆవిరి ఇనుమును తినివేస్తుంది. పుట్టిన తుప్పు మళ్ళీ ఫిలింను తినివేస్తుంది. డబ్బా, ఫిలిం ఒకదానినొకటి చంపుకొంటూ ఉంటే పైన తాళం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది.

అమెరికాలోని రోచెస్టరులో గల ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ వారు 1993లో ప్రచురించిన లెక్క ప్రకారం, కొత్త ఎసిటేటు ఫిలింను 21 డిగ్రీల సెల్సియస్, 50 శాతం తేమ వద్ద ఉంచితే ఈ రోగం తలయెత్తడానికి సుమారు 40 ఏళ్ళు పడుతుంది. వేడి పెరిగినకొద్దీ ఆ గడువు చకచకా తరిగిపోతుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం రేకుల కప్పు కింద అటక మీద ఎంత వేడి ఉంటుందో తెలిసినవారు మిగిలిన లెక్క తామే వేసుకోగలరు.

ఇంకొక చిత్రం. ఒకప్పుడు కొడక్ వారే ఇంటి సినిమాల కోసం అమ్మిన ‘హ్యుమిడర్’ డబ్బాలలో ఒక అద్దుడు బిళ్ళ ఉండేది. ఫిలిం పెళుసెక్కకుండా దానిని అప్పుడప్పుడు నీటితో తడపాలని సూచన. చెమ్మను తరిమివేయవలసిన చోట చెమ్మను పిలిచి పీట వేశారన్న మాట. ఆనాటికి తెలిసినది అంతే. కాని పాత డబ్బాలో అటువంటి బిళ్ళ కనిపిస్తే వెంటనే తీసి పారవేయవలె.

కొలతతో మొదలు

అయితే రేకు పెట్టెను వదలివేయవలసినదేనా? అక్కరలేదు. కొయ్య పెట్టె ఇంతకంటె మేలు కాదు. చాలా రకాల కలప తనంత తానే కొద్దికొద్దిగా ఎసిటిక్ ఆమ్లపు ఆవిరిని విడుస్తుంది. పైగా చెద భయం. అట్టపెట్టె చెమ్మను పీల్చుకొంటుంది. పి.వి.సి. ప్లాస్టిక్ కూడా పనికిరాదు. వంటింట్లో మిగిలిన స్టీలు టిఫిను డబ్బా తుప్పు పట్టదు గనుక మంచిదని కొందరనుకొంటారు. దాని మూత బిగువు పప్పు చారుకు మంచిదే గాని ఫిలింకు కాదు. వెరసి, సరిగా చేయించిన లోహపు పెట్టెయే మన దేశంలో ఎలుకకు, చెదపురుగుకు, దుమ్ముకు, వెలుతురుకు ఆపగల గోడ. సరిగా అన్నదానిలోనే ఉన్నది సంగతి అంతా.

మొదట లోపలి డబ్బాలను తేల్చుకోవలె. తుప్పు పట్టిన పాత తగరపు డబ్బాలకు బదులుగా, గాలి ఆడే సందులున్న పాలీప్రొపిలీన్ డబ్బాలను ఫిలిం భాండారాలవారు నేడు వాడుతున్నారు. పాత డబ్బాను మార్చేటప్పుడు దాని మీది రాతను మాత్రం పారవేయరాదు. కాగితం ఊడివస్తే విడిగా కవరులో దాచి, రాకపోతే ఫోటో తీసి ఉంచుకోవలె. ఈ లోపలి డబ్బాల కొలతే పెట్టె కొలతకు ఆధారం.

16 మిల్లీమీటర్ల ఫిలిం 400 అడుగుల చుట్ట 7 అంగుళాల వ్యాసం గలది. డబ్బాతో కలిపి అడ్డం సుమారు 18.5 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 2.5 సెంటీమీటర్లు అనుకొందాం. తయారీదారును బట్టి ఇది కాస్త మారుతుంది గనుక రేకు కోయించే ముందు చేతిలో ఉన్న డబ్బానే కొలవవలె. డబ్బాలను గ్రంథాలయంలో పుస్తకాల వలె నిలువుగా పెట్టరాదు. పళ్ళెముల వలె ఒకదానిపై ఒకటి పడుకోబెట్టవలె. నిలువుగా ఉంచిన చుట్ట తన బరువుకు తానే వంకర తిరుగుతుంది. ఆరేసి డబ్బాల దొంతరలు రెండు పక్కపక్కన ఇమడాలంటే లోపలి కొలత 40 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 17 ఎత్తు ఉండవలె. డబ్బాకు డబ్బాకు మధ్య వేలు దూరేంత ఖాళీ, పైన రెండు సెంటీమీటర్ల ఖాళీ గాలికి. 12 డబ్బాలకు మించి ఒక పెట్టెలో పెట్టకపోవడం మంచిది. బరువైన పెట్టెను ఎత్తలేక ఈడుస్తారు. ఈడ్చిన పెట్టె ఏదో ఒక రోజు జారి పడుతుంది. ఆ 12 డబ్బాలలో ఉండేది తక్కువ కాదు. ఒక్కొక్కటి సెకనుకు 16 బొమ్మల వేగాన 16 నిమిషాల 40 సెకన్లు. మొత్తం 3 గంటల 20 నిమిషాలు.

రేకు ఏది? బజారులో పెట్టెలు చేసేది ఎక్కువగా జి.ఐ. రేకుతో. దాని మీది జింకు పూత నీటికి తట్టుకొంటుంది గాని ఎసిటిక్ ఆమ్లానికి తట్టుకోదు. కొంతకాలానికి తెల్లని పొడి రాలుతుంది. డబ్బులు పెట్టగలిగితే తుప్పు పట్టని స్టీలు రేకు, లేకపోతే 18 గేజి అల్యూమినియం రేకు మేలు. జి.ఐ. రేకే తీసుకొనేటట్లయితే 24 గేజి చాలును. అది అర మిల్లీమీటరు కంటె కాస్త మందం. గేజి అంకె పెరిగితే రేకు పలుచన అవుతుందని మరచి 28 గేజి రేకును మంచిదనుకొని కొన్నవారు లేకపోలేదు. జి.ఐ. రేకు పెట్టెకు లోపల, బయట పౌడర్ కోటింగ్ వేయించవలె. కొలిమిలో కాల్చి గట్టిపరచే ఆ పూత మామూలు రంగు వలె నెలల తరబడి ఆవిరి విడువదు. కుంచెతో వేసిన ఎనామిల్ రంగు అయితే, వాసన పూర్తిగా పోయే వరకు పెట్టెను మూత తెరిచి వారాల పాటు గాలికి ఉంచిన తరువాతే ఫిలిం పెట్టవలె.

అడుగు, నాలుగు పక్కలు ఒకే రేకు నుంచి మడిచి చేయడం పాత పద్ధతి, అదే గట్టిది. అడుగు 40కి రెండు వైపుల 17 చొప్పున, అంచు మడతకు ఒక్కొక్క సెంటీమీటరు చొప్పున కలిపితే 76 సెంటీమీటర్లు. అదే విధంగా వెడల్పు 56. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పూర్తి రేకులో అటువంటి ముక్కలు ఆరు వస్తాయి, మూతల రేకు వేరుగా. నలుగురు అన్నదమ్ములు కలిసి చేయించుకొంటే ఇంటికొక పెట్టె, పైన రెండు మిగులు. పనివాడు మూలల్లో చదరాలు కత్తిరించేటప్పుడు రివెట్టు వేయడానికి చెవులు విడిచిపెడతాడు. పై అంచును మూడు మిల్లీమీటర్ల తీగ చుట్టూ కొయ్య సుత్తితో మెల్లగా మడుస్తాడు. ఆ తీగ అంచే పెట్టెకు వెన్నెముక. చేతికి రేకు కోసుకోకుండా కాపాడేదీ అదే.

మూలలను మాటు వేయించడం కంటె రివెట్టు వేయించడం మంచిది. మాటు వేసేటప్పుడు వాడే నవాసారం, జింకు క్లోరైడు ద్రవం పూర్తిగా కడగకపోతే ఆ మడతలలోనే తుప్పు మొదలవుతుంది. మాటు తప్పనిసరి అయితే వేడినీటితో ఒకటికి రెండుసార్లు కడిగించి, ఎండలో ఆరబెట్టించవలె. రేకు మీది నూనె జిడ్డును కూడా సబ్బునీటితో తీయించడం మరువరాదు.

ఇక గాలి సంగతి. “రెండు పక్కలా చిల్లులు పెట్టు మేస్త్రీ” అని అనగానే పనివాడు నవ్వవచ్చు. “చిల్లులు పెట్టించుకోనేదానికి పెట్టె ఎందుకు బాబుగారూ, గంప కొనుక్కోరాదా?” అని అడగవచ్చు కూడా. అతని ప్రశ్న న్యాయమైనదే. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి అతను నేర్చుకొన్న పనితనమంతా సందు లేకుండా చేయడమే. అయినా పట్టుబట్టి చేయించవలసిన పని ఇది ఒక్కటే. పొట్టి పక్కలు రెండింటికీ, ఒకదానికి కింది భాగాన, మరొకదానికి పై భాగాన, వేలి మందాన వరుసగా రంధ్రాలు పెట్టించి, లోపలినుంచి చీమ దూరని సన్నని స్టీలు జల్లెడ బిగించవలె. దుమ్ము తుంపర నేరుగా పడకుండా రంధ్రాల పైన చిన్న రేకు చూరు వంచితే మరీ మంచిది. పుట్టిన ఆవిరి పుట్టినట్లే పోవడమే దీని ప్రయోజనం.

లోపల ముఖమల్ అతికించడం, స్పాంజి పరచడం, పాత వార్తాపత్రికలు వేయడం అన్నీ సరదాకే. ఆ జిగురు, ఆ స్పాంజి, ఆ కాగితపు ఆమ్లం మూడూ ఫిలింకు పడవు. కలరా ఉండలు కూడా వద్దు. రేకు మీద రేకు రాసుకోకుండా అడుగున శుభ్రమైన పాలీప్రొపిలీన్ పలక ఒకటి చాలు. తాళానికి గొళ్ళెం, ఎత్తడానికి రెండు పక్కలా కడియాలు, మూతకు వెనుక రెండు కీళ్ళు. అడుగున నాలుగు పొట్టి కాళ్ళు తప్పక ఉండవలె.

పెట్టెకు చోటు

ఎంత మంచి పెట్టె అయినా అటక మీద పెడితే పొయ్యి మీద పెట్టినట్లే. ఇంటి నడిమి గదిలో, ఎండ తగిలే గోడకు దూరంగా, నేలకు జానెడు పైన పెట్టవలె. నేల మీద ఎందుకు వద్దో 2015లో చెన్నైవాసులకు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒకవేళ నీరు చొరబడి చుట్టలు తడిస్తే తొందరపడి ఎండబెట్టరాదు. ఎండిన ఫిలిం పొర పక్క పొరకు అంటుకొని ఇక విడిరాదు. చల్లని శుభ్రమైన నీటిలోనే మునిగి ఉండనిచ్చి, వీలైనంత త్వరగా ఫిలిం కడిగే ప్రయోగశాలకు చేర్చవలె.

చెమ్మ మితిమీరితే ఆమ్లానికి ముందు బూజు వస్తుంది. బొమ్మను మోసే పొర జిలటిన్. అది బూజుకు విందు భోజనం. బూజు పట్టిన చుట్టను మిగిలినవాటి నుంచి విడదీసి పొడిగా ఆరనివ్వవలె గాని తడిగుడ్డతో తుడవరాదు. బూజు కొరికిన జిలటిన్ నీటికి కరిగి బొమ్మతో సహా గుడ్డకు వచ్చేస్తుంది. వెనిగర్ వాసన వేసే చుట్టకు కూడా మొదటి చికిత్స వేరు కాపురమే. రోచెస్టరు సంస్థవారు తయారు చేసిన ‘ఎ-డి స్ట్రిప్’ అనే నీలి కాగితపు ముక్కను డబ్బాలో వేసి ఒక రోజు ఉంచితే, ఆమ్లం తీవ్రతను బట్టి అది ఆకుపచ్చకు, తరువాత పసుపుకు తిరుగుతుంది. పసుపు తిరిగిన చుట్టను ముందుగా డిజిటల్ ప్రతి తీయించవలె. అది ఇంకా కుంచించుకొంటుంది, వంకర తిరుగుతుంది, చివరకు బొమ్మ పొర ఊడివస్తుంది. వెనుకకు తిప్పే మందు లేదు.

ఆ తొందరలో పాత ప్రొజెక్టరు దుమ్ము దులిపి గోడ మీద వేసి చూద్దామన్న కోరిక పుట్టడం సహజం. అనేక ఇళ్ళలో ఫిలిం చిరిగినది ఆ సాయంత్రమే. కుంచించుకొన్న పట్టీ రంధ్రాలు ప్రొజెక్టరు పళ్ళకు సరిపోవు. చేతితో తిప్పే చుట్ట యంత్రం మీద, భూతద్దంతో, వెనుక చల్లని వెలుతురు పెట్టి చూడవచ్చును. రంగుల విషయంలో ఒక ఊరట ఉన్నది: చీకటిలో ఉంచిన కొడాక్రోమ్ ఫిలిం రంగులు ఆశ్చర్యకరంగా నిలుస్తాయి. దాని తయారీ 2009లో ఆగింది గాని, 1940ల నాటి పట్టీలలో చీర అంచులు ఇప్పటికీ ఎర్రగానే ఉన్నాయి.

డిజిటల్ ప్రతి తీసిన తరువాత అసలు చుట్టను పారవేసేవారున్నారు. అంతకు మించిన పొరపాటు లేదు. కంప్యూటరు డిస్కు ఆయుష్షు ఫిలిం ఆయుష్షు కంటె ఎంతో తక్కువ. పైగా మరో పదేళ్ళకు అంతకంటె మంచి ప్రతి తీయగల యంత్రం రావచ్చు. పుణెలోని జాతీయ ఫిలిం భాండారాన్ని 1991 వరకు పెంచి పోషించిన పి.కె. నాయర్ దొరికిన తుంపు ముక్కలను సైతం వదలకుండా చేర్చినవారు. ముంబైలోని ఫిలిం హెరిటేజ్ ఫౌండేషన్ 2015 నుంచి ఏటేటా ఒక్కొక్క నగరంలో ఫిలిం పరిరక్షణ శిక్షణ శిబిరాలు నడిపింది. 2019లో అది హైదరాబాదులో జరిగింది. ఈ పని చేతితో నేర్చినవారు మన మధ్యనే ఉన్నారన్న మాట.

చివరి పని పేర్లు రాయడం. పెట్టె మీద కాగితం అతికిస్తే జిగురు ఎండి రాలుతుంది. అందుకే పనివాని చేతనే మూత అంచున వరుస సంఖ్య గుద్దించవలె. ఆ సంఖ్యకు సరిపోయే పట్టిక ఒకటి మంచి కాగితం మీద పెన్సిలుతో రాసి, ఒక ప్రతి పెట్టెలో, ఒక ప్రతి బయట ఉంచవలె. చుట్ట ఏ సంవత్సరానిది, ఏ ఊరు, కెమెరా పట్టినది ఎవరు, ఎడమ నుంచి కుడికి నిలబడినవారు ఎవరెవరు అన్నవి అందులో ఉండవలె. ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మో, నాయనమ్మో ఉంటే రేకు బజారుకు వెళ్ళడానికి ముందే ఈ పని మొదలు పెట్టడం మంచిది. పందిట్లో బిందె పట్టుకొని ఒక్క క్షణం కెమెరా వైపు తిరిగి నవ్విన ఆ చిన్న పిల్ల ఎవరో చెప్పగలిగినది ఆమె ఒక్కతే కావచ్చు.